మోటుపల్లి అభయశాసనం: సాగరాంతర సైనికశక్తి దృష్ట్యా పునఃపరిశీలన

వ్యాససంగ్రహం:
కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి శాసనాన్ని సాధారణంగా వర్తక శాసనంగా, రాజు దయకు నిదర్శనంగా చదువుతాం. అది ఒక రాజ్యానికి సముద్రంపై ఉన్న సైనిక సామర్థ్యాన్నీ, దాని పరిమితినీ కూడా తెలుపుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1. ఉపోద్ఘాతం:
ఒక రాజ్యం తన తీరాన్ని కాపాడుకోవడం ఒక సామర్థ్యం. సముద్రం దాటి సైన్యాన్ని దించి, అక్కడ దాన్ని పోషించి, కావలసినంత కాలం నిలపగలగడం వేరొక సామర్థ్యం. ఈ రెండవదాన్ని ఇక్కడ 'సాగరాంతర సైనికశక్తి' అని వ్యవహరిస్తున్నాను. దీనికి ఓడలు మాత్రమే చాలవు. రేవులు, నావికులు, తిండి, మంచినీరు, గాలివాటుపై అవగాహన, వీటన్నిటినీ భరించే కోశం కావాలి.

తీరాంధ్ర చరిత్రను చెప్పేటప్పుడు నౌకాయానాన్నీ నౌకాబలాన్నీ ఒకటిగా భావించే ప్రమాదం ఉంది. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలపై కనిపించే రెండు తెరచాపకొయ్యల ఓడ సముద్రయానానికి సాక్ష్యం. పరదేశంపై సైన్యం దిగిందనడానికి ఆ బొమ్మ ఒక్కటే చాలదు.

2. చోళుల ఉదాహరణ:
ఈ భేదాన్ని గ్రహించడానికి చోళుల చరిత్ర ఉపకరిస్తుంది. 1025లో రాజేంద్రచోళుని నౌకాదళం శ్రీవిజయ రాజ్యంపై దాడి చేసి, కడారం మొదలైన రేవులను కొల్లగొట్టింది. అయితే ఆ ప్రాంతం చోళ మండలంగా నిలవలేదు. సింహళంలో మాత్రం చోళులు కొన్ని దశాబ్దాలు పాలన సాగించారు. 1070 ప్రాంతంలో అదీ చేజారింది. అప్పటికి చోళ సింహాసనం ఎక్కినవాడు రాజరాజనరేంద్రుని కుమారుడు కులోత్తుంగుడు. నౌకాదళం గల రాజ్యానికి సైతం చేరడం కన్నా నిలవడం కష్టమని ఇందువల్ల తెలుస్తుంది. ఆ కులోత్తుంగుని సామంతులుగానే వెలనాటి చోడులు చందవోలు కేంద్రంగా గుంటూరు సీమలో బలపడ్డారు. ఆ తర్వాత ఈ తీరం కాకతీయుల వశమైంది.

3. దివి దండయాత్ర:
కాకతీయుల సైన్యం నీటిని దాటిన సందర్భం దివిసీమలో కనిపిస్తుంది. కృష్ణానది పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్న ఈ దీవిని అయ్య వంశీయులు ఏలేవారు. మల్యాల చౌండసేనాని 1203 నాటి కొండపర్తి శాసనం దివి విజయాన్ని పేర్కొంటుంది. మల్యాల వారి 'దివిచూరకార' బిరుదుకు దివిని కొల్లగొట్టినవాడని అర్థం.

అయితే ఆ కథ కొల్లతో ముగియలేదు. గణపతిదేవుడు అయ్య వంశపు ఆడపడుచులు నారాంబ, పేరాంబలను వివాహమాడాడు. వారి సోదరుడు జాయపను కొలువులో చేర్చుకొని గజసేనానిని చేశాడు. 1213 నాటి చేబ్రోలు శాసనం ఈ జాయపదే. అనంతరకాలంలో నృత్తరత్నావళిని రచించినదీ ఇతడే. నీటికి ఆవలి నేలను బలంతో గెలిచి, బంధుత్వంతో నిలుపుకొన్న తీరు ఇది. కాని ఇక్కడ దాటినది నదీముఖాన్నే, మహాసముద్రాన్ని కాదు.

4. మోటుపల్లి శాసనం:
నేటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని మోటుపల్లిలో గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అనగా క్రీ.శ. 1244-45లో, ఈ శాసనాన్ని వేయించాడు. పూర్వరాజులు తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైనవాటిని బలవంతంగా తీసుకొనేవారని అది చెబుతుంది. ధనం ప్రాణం కన్నా ప్రియమైనదని గుర్తించి, క్లుప్తశుల్కం తప్ప తక్కినదంతా వర్తకులకే విడిచిపెడుతున్నట్లు రాజు ప్రకటించాడు. ఆ శుల్కం ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు.

ఈ ప్రకటనలో రెండు అంశాలు గమనార్హం. మొదటిది, సరుకుల్లో గుర్రాలు, ఏనుగులు ఉండటం. మేలుజాతి యుద్ధాశ్వాలకు దక్షిణాది రాజ్యాలు సముద్ర వర్తకంపై ఆధారపడేవి. రేవుకు ఓడ రాకపోతే ఓరుగల్లు అశ్వబలం క్షీణిస్తుంది. కనుక వర్తకునికిచ్చిన అభయం సైన్యానికి పెట్టిన పెట్టుబడి కూడా. రెండవది, రాజు హామీ ఒడ్డుతోనే ఆగిపోవడం. సముద్రం మధ్య ఓడకు రక్షణగా యుద్ధనౌకలను పంపుతానని శాసనం చెప్పదు. రాజు ఆజ్ఞ చెల్లుబాటయ్యే హద్దు ఆ తీరరేఖే.

ఆ హద్దును ఎరిగి వేయించిన శాసనం కావడమే దీని విశేషం. ఓడలను వెంబడించలేని రాజ్యం, వాటంతటవే వచ్చేలా నమ్మకాన్ని కల్పించింది. రుద్రమదేవి కాలంలో ఈ రాజ్యాన్ని 'ముట్ఫిలి' పేరుతో వర్ణించిన మార్కోపోలో ఇక్కడి వజ్రాలనూ సన్నని నూలు వస్త్రాలనూ ప్రశంసించాడు. 1323లో కాకతీయ రాజ్యం పతనమయ్యాక, 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయమిచ్చాడు. రాజవంశం మారినా ఆ విధానం అవసరం తీరలేదన్నమాట.

5. ముగింపు:
నేడు విశాఖపట్నం తూర్పు నౌకాదళ కేంద్రం. అక్కడి ఐఎన్‌ఎస్ జలాశ్వ సైనికులనూ వాహనాలనూ పరతీరాలకు చేర్చగల నౌక. 2020 మే నెలలో మాల్దీవుల నుంచి దాదాపు 700 మంది భారతీయులను కొచ్చికి చేర్చింది కూడా అదే. ఇలాంటి సామర్థ్యాన్ని పూర్వరాజులకు ఆపాదించడం వల్ల వారి ఘనత పెరగదు. దివిలో బంధుత్వం, మోటుపల్లిలో అభయం తమ బలం చాలని చోట వారు అనుసరించిన రాజనీతులు. బిరుదులను యథాతథంగా స్వీకరించక, శాసనం దేనికి హామీ ఇచ్చిందో, దేనికి ఇవ్వలేదో వేరుచేసి చదివినప్పుడే తీరాంధ్ర సముద్రచరిత్ర స్పష్టమవుతుంది.