ఏ రాష్ట్రం పిల్ల? – సరిహద్దు జిల్లాల నుంచి డాక్టరు చదువుకు



వేసవి సెలవులైపోయి బడి తెరిచిన రెండో రోజున ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అమ్మాయి అప్పుడే తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. "మాస్టారండీ, ఇది డాక్టరు చదువుతానంటోంది. బాగానే ఉంది. ఇంతకీ మేము ఏ రాష్ట్రం వాళ్ళమండీ?" అని అడిగారావిడ. నవ్వుతూనే అడిగారు. కానీ అది నవ్వి ఊరుకోవలసిన ప్రశ్న కాదు. సునాబెడలోను, జయపూర్‌లోను, రాయగడలోను ఉన్న తెలుగు కుటుంబాలు మార్కుల సంగతి కంటే ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న అదే. ఈరోజు ఆ విషయమే మాట్లాడుకుందాం.

మన పరిస్థితి ఇవాళ కొత్తగా వచ్చింది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ కొరాపుట్ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా కిందే ఉండేది. ఆ రోజుల్లో ఈ కొండమీది కుర్రవాడు డాక్టరు కావాలంటే 1923లో మొదలైన విశాఖ వైద్య కళాశాల వైపే చూసేవాడు. హద్దు గీశాక ఆ కళాశాల పక్క రాష్ట్రానిదైంది. తరవాత 1960ల్లో సునాబెడకు విమానం ఇంజన్ల కర్మాగారం వచ్చింది. దానితోపాటు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎన్నో కుటుంబాలు కొండెక్కి వచ్చాయి. ఉద్యోగం ఇక్కడ, పొలం అక్కడ. పిల్లలు పుట్టింది ఇక్కడ, పండక్కి వెళ్ళేది అక్కడ. పెళ్ళి సంబంధాలకు దీనివల్ల చిక్కేమీ లేదు గాని, వైద్య కళాశాల సీటు దగ్గర మాత్రం ఉంది.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పదో తరగతి వరకూ ఇక్కడే చదివింది. లెక్కలంటే కొంచెం భయమే గాని, జీవశాస్త్రం మహా ఇష్టంగా చదివేది. ఇంటర్మీడియట్‌కు తల్లిదండ్రులు కొండ దించి ఆంధ్రాలో హాస్టల్లో పెట్టారు. 2019లో నీట్ రాసింది. మంచి మార్కులే వచ్చాయి. ఆంధ్రా సీట్లకు దరఖాస్తు పెట్టబోతే, అక్కడ చదివింది రెండేళ్ళే కనుక స్థానికురాలివి కావన్నారు. ఒడిశాలో పెడదామంటే నివాస ధృవపత్రం లేదు. ఇరవయ్యేళ్ళుగా ఇక్కడే ఉన్నా, ఆ తండ్రి ఎన్నడూ ఆ కాగితం కోసం తహసీల్దారు కార్యాలయం మెట్లెక్కలేదు. "మనది ఆ ఊరు కదా" అనుకుంటూ వచ్చారు. తీరా కాగితం చేతికందేసరికి కౌన్సెలింగ్ గడువు దాటిపోయింది. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అలా అయింది. ఆ అమ్మాయి కంటే తక్కువ మార్కులు వచ్చిన పిల్లలు అటూ సీటు తెచ్చుకున్నారు, ఇటూ తెచ్చుకున్నారు.

ఎక్కడ తప్పింది? అది తెలియాలంటే సీట్లు ఎలా పంచుతారో తెలియాలి. నీట్ పరీక్ష దేశమంతటికీ ఒక్కటే. కానీ సీటు ఇచ్చే కిటికీలు వేరు. మన పిల్లలకు అలాంటి కిటికీలు మూడు.

మొదటిది అఖిల భారత కోటా. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో నూటికి 15 సీట్లు ఇందులోకి వెళతాయి. ఇక్కడ మీది ఏ రాష్ట్రమని అడగరు. ర్యాంకూ, రిజర్వేషనూ చూస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చాలాకాలం ఈ కోటాకు బయటే ఉండి 2018లో చేరాయి. భువనేశ్వర్, మంగళగిరి ఎయిమ్స్ వంటి కేంద్ర సంస్థల సీట్లు కూడా ఈ కేంద్ర కౌన్సెలింగ్‌లోనే వస్తాయి. అయితే దేశమంతటితోనూ పోటీ కనుక ఈ కిటికీ దగ్గర రద్దీ ఎక్కువ.

రెండోది ఒడిశా రాష్ట్ర కోటా, అంటే తక్కిన 85 సీట్లు. ఈ కౌన్సెలింగ్ ఓజేఈఈ వారు జరుపుతారు. మన గుమ్మం ముందే 2017లో కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల నూరు సీట్లతో మొదలైంది. కటక్, బుర్లా, బరంపురం కళాశాలలు అంతకు ఎంతో ముందు నుంచీ ఉన్నాయి. వీటికి పోటీ పడాలంటే మీరు ఇక్కడివారేనని కాగితం చెప్పాలి. ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు 2021 నుంచి ఒడిశాలో వైద్య, ఇంజనీరింగ్ సీట్లలో నూటికి 15 ప్రత్యేకంగా ఉంచుతున్నారు. ప్రభుత్వ బడి అని చిన్నచూపు చూసే తల్లిదండ్రులు ఈ మాట ఒకసారి గుర్తుంచుకోవాలి.

మూడోది ఆంధ్రా కిటికీ. అక్కడ 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నుంచి వస్తున్న పద్ధతి ప్రకారం నూటికి 85 సీట్లు స్థానికులకే. స్థానికత తేల్చే ముఖ్యమైన కొలత ఏమిటంటే, ఇంటర్మీడియట్ పూర్తయ్యేనాటికి వరసగా నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. నాలుగేళ్ళంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. తెలంగాణ 2024లో తన నిబంధనను మార్చి, ఈ నాలుగేళ్ళూ తమ రాష్ట్రంలోనే చదవాలన్నది. కొన్ని ఉద్యోగుల కుటుంబాలకు మినహాయింపులిస్తూనే ఈ సూత్రాన్ని గట్టిగా పట్టుకుంది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు దానిని సమర్థించింది.

ఇప్పుడు అర్థమైంది కదా. ఆ అమ్మాయిని పదో తరగతి తరవాత కొండ దించడంతోనే లెక్క తప్పింది. దించితే తొమ్మిదో తరగతికే దించాలి. లేదా ఇక్కడే ఉంచి, ఇక్కడి కాగితం సిద్ధం చేసుకోవాలి. ఈ నిర్ణయం పిల్లకు పద్నాలుగేళ్ళ వయసులో జరగవలసినది. పద్దెనిమిదేళ్ళప్పుడు ఆలోచిస్తే ఆలస్యమైపోతుంది. తొమ్మిదో తరగతి పిల్లతో వచ్చిన ఆవిడ ప్రశ్న సరైన సమయంలో వచ్చిన ప్రశ్న అని నేనన్నది అందుకే.

కుల ధృవపత్రాల విషయంలో ఇంకా పెద్ద చిక్కుంది. ఇందులో దేశమంతటికీ దారి చూపిన తీర్పు ఒక తెలుగు కుర్రవాడి కేసులోనే వచ్చింది. ఆయన పుట్టింది తెనాలిలో. ఆంధ్రప్రదేశ్ జాబితాలో షెడ్యూల్డ్ తెగగా ఉన్న సముదాయం. తండ్రికి కేంద్ర ప్రభుత్వ ఎరువుల సంస్థలో ఉద్యోగమై బొంబాయి వెళ్ళారు. తొమ్మిదేళ్ళ వయసులో తండ్రి వెంట వెళ్ళిన పిల్లవాడు అక్కడే పన్నెండో తరగతి దాకా చదివి, వైద్య కళాశాలకు షెడ్యూల్డ్ తెగల కోటాలో దరఖాస్తు చేశాడు. మహారాష్ట్రలో ఆ హోదా మీకు చెల్లదు పొమ్మన్నారు. కేసు సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్ళింది. మర్రి చంద్రశేఖరరావు కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో 1990 మే 2న తీర్పు వచ్చింది. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డ్ తెగగా ఉన్నవారు మరో రాష్ట్రానికి వలస వెళితే ఆ హోదా వెంట రాదు, ఆ సౌకర్యం స్వరాష్ట్రానికే పరిమితం అన్నారు న్యాయమూర్తులు. కుర్రవాడు ఓడిపోయాడు.

ప్రభుత్వరంగ సంస్థలో తండ్రి ఉద్యోగం, ఊరుగాని ఊళ్ళో పిల్లవాడి చదువు. ఈ కథ వింటుంటే సునాబెడలో ఎవరింటి కథో వింటున్నట్టు లేదూ? అందుచేత తాతలనాటి ఊళ్ళో తీసుకున్న కుల ధృవపత్రం ఒడిశా కోటాలో పనిచేస్తుందని అనుకోకండి. స్వరాష్ట్రంలో కులం చెల్లుతుంది గాని, అక్కడ చదవకపోతే స్థానికత దొరకదు. ఇక్కడ చదువు చెల్లుతుంది గాని, కులం చెల్లకపోవచ్చు. ఈ రెండింటినీ విడివిడిగా కాగితం మీద రాసుకుని చూసుకోవాలి.

ఇక వయసు మాట. "మావాడికి ఇరవై ఆరొచ్చాయి, ఇంకేం డాక్టరు" అనే తండ్రులున్నారు. 2018లో సాధారణ వర్గానికి 25 ఏళ్ళు, రిజర్వేషన్ వర్గాలకు 30 ఏళ్ళు గరిష్ఠ పరిమితిగా పెట్టిన మాట నిజమే. దానిమీద కోర్టుల్లో వాదాలు నడిచాయి. చివరకు జాతీయ వైద్య కమిషన్ 2021 అక్టోబరులో ఆ పరిమితి వద్దని నిర్ణయించింది. ఆ సంగతి 2022 మార్చిలో అందరికీ తెలిసింది. ఇప్పుడు కనీస వయసు 17 ఏళ్ళు ఉంటే చాలు, పైహద్దు లేదు. ఎన్నిసార్లు రాయవచ్చుననే లెక్కా లేదు. ఒడిశాలోనే బర్‌గఢ్ జిల్లాకు చెందిన విశ్రాంత బ్యాంకు అధికారి ఒకరు 64వ ఏట నీట్ నెగ్గి, 2020 డిసెంబరులో బుర్లా వైద్య కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థిగా చేరారు. అందరూ అలా చేయాలని నేను చెప్పడంలేదు. తలుపు తెరిచే ఉందని చెబుతున్నాను.

ప్లస్ టూలో లెక్కల గ్రూపు చదివి తరవాత మనసు మారినవారికి కూడా దారి ఏర్పడింది. పన్నెండో తరగతి పాసైన తరవాత జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా గుర్తింపు ఉన్న బోర్డు నుంచి రాసి నెగ్గితే నీట్‌కు అర్హులేనని 2023 నవంబరులో కమిషన్ ప్రకటించింది.

"ఇక్కడ రాకపోతే విదేశం పంపిస్తాం" అంటారు కొందరు. పంపవచ్చు, కానీ ఆ దారికి కూడా నీట్ అర్హత కావాలి. 2018 నుంచి ఆ నియమం ఉంది. 2021 నవంబరు నిబంధనల ప్రకారం అక్కడి చదువు కనీసం 54 నెలలుండాలి. బోధన ఇంగ్లీషులో జరగాలి. అదే సంస్థలో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ దేశంలో వైద్యం చేయడానికి చెల్లే పట్టా అయి ఉండాలి. తిరిగొచ్చాక ఇక్కడ అర్హత పరీక్ష నెగ్గాలి, మళ్ళీ ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ అర్హత పరీక్షలో 300 ప్రశ్నలకు 150 మార్కులు తెచ్చుకోవాలి. 2024 జూన్, డిసెంబరు విడతలు రెండింటిలోనూ మూడో వంతు మంది కూడా గట్టెక్కలేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధంలో చిక్కుకుని సగం చదువుతో తిరిగొచ్చిన పిల్లల్ని చూశాం. పొలం అమ్మి పంపేముందు ఏజెంటు మాటకు తలూపకుండా, నేను చెప్పిన ఈ నాలుగు షరతులూ ఒక్కొక్కటిగా అడగండి.

కాగితాల గురించి ఒక బడిపంతులుగా చెప్పవలసినవి మూడు ఉన్నాయి. పెన్సిలు దగ్గరుంటే రాసుకోండి.

ఒకటి, పేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడివారు చివర రాస్తారు. మన పిల్లవాడి పేరు చివరనున్న రావునో, నాయుడినో ఇంటిపేరని వేసేస్తారు. ఆధార్‌లో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకోలా, తండ్రి సర్వీసు పుస్తకంలో మరోలా ఉంటుంది. తొమ్మిదో తరగతిలో పరీక్షకు పేరు నమోదు చేసేనాడే అన్నింటా ఒకే విధంగా ఉండేట్టు చూసుకోండి. తరవాత దిద్దించడం నెలల పని.

రెండు, ప్రశ్నపత్రం భాష. నీట్ 13 భాషల్లో ఉంది, అందులో తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది. అయితే తెలుగు పత్రం ఆంధ్రా, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు, ఒడియా పత్రం ఒడిశా కేంద్రాల్లోనే. సునాబెడ పిల్లకు తెలుగు పత్రం కావాలంటే విజయనగరమో, విశాఖో కేంద్రంగా కోరుకోవాలి. ఇంగ్లీషు పత్రం ఎక్కడైనా దొరుకుతుంది. ఒకసారి ఎంచుకున్న భాషను తరవాత మార్చుకోవచ్చులే అనుకోకండి.

మూడు, నివాస ధృవపత్రం. దీన్ని సీటు కోసమే అని వాయిదా వేయకండి. పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగానే తహసీల్దారు కార్యాలయంలో అర్జీ పెట్టండి. కేంద్ర సంస్థల ఉద్యోగులైతే, మీ పిల్లలకు వర్తించే నియమమూ, అడిగే పత్రాలూ ఏవో ఆ యేటి ప్రాస్పెక్టస్ తెరిచి చూడండి. పోయినేడాది పక్కింటివారు చెప్పిన మాట ఈ యేడాదికి పనికిరాకపోవచ్చు.

చివరగా ఒక మాట. పిల్ల ఇక్కడి కోటాలో చేరాలనుకుంటే ఒడియా చక్కగా నేర్పించండి. రేపు వార్డులో మంచం పక్కన నిలబడ్డప్పుడు కడుపునొప్పి ఎక్కడో, ఎప్పటినుంచో చెప్పే ముసలమ్మ ఒడియాలోనో, దేశియాలోనో చెబుతుంది. ఆ మాట అర్థం చేసుకోవడం కూడా డాక్టరు పనే.

ఇందాక చెప్పిన ఆ అమ్మాయి ఏమైందని మీరడగవచ్చు. బీఎస్సీ నర్సింగ్ చదివి, ఇప్పుడు ఒక ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తోంది. రాత్రి డ్యూటీ లేని రోజుల్లో మళ్ళీ భౌతికశాస్త్రం పుస్తకం తీస్తోంది. ఆమధ్య ఇంటికి వచ్చి ఒక లెక్క చెప్పించుకుని వెళ్ళింది. ఈసారి నివాస ధృవపత్రం తన దగ్గరే ఉంది. పరీక్ష నెగ్గుతుందో లేదో నేను చెప్పలేను. గడువు మాత్రం ఈసారి దాటనివ్వదు.

తొమ్మిదో తరగతి పిల్లతో వచ్చిన ఆవిడకు కూడా ఇదే చెప్పాను. "ఏ రాష్ట్రమన్నది మీరే తేల్చుకోండమ్మా, కానీ ఈ సంవత్సరమే తేల్చుకోండి" అన్నాను. మరుసటి వారం ఆ అమ్మాయి తండ్రి సగం రోజు సెలవు పెట్టి తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళారట.