రేకు కనిపిస్తుండగానే అమ్మాలి

సగం బాగుచేయించి ఆపేసిన పాత ఓపెన్ టాప్ కారును అమ్ముకుందామనుకునే మనిషికి షెడ్డు దగ్గర దొరికే సలహా దాదాపు ఎక్కడైనా ఒకటే. ఎలాగోలా పెయింటు కొట్టించు, సీట్లకు కొత్త కవర్లు వేయించు, పూర్తయిన బండిలా కనిపిస్తే రేటు అదే పలుకుతుంది అంటారు. మేలు కోరే అంటారు. కానీ ఆ సలహా పాటిస్తే అమ్మేవాడికి డబ్బు పోతుంది, కొనేవాడికి నమ్మకం పోతుంది, చాలాసార్లు కారే పోతుంది. సగంలో ఆగిన కారుకు పూర్తయిన కారుకు లేని గుణం ఒకటుంది. దాని రేకు ఇంకా బయటికి కనిపిస్తుంటుంది. ఎక్కడ తుప్పు కోశారో, ఎక్కడ కొత్త ముక్క అతికారో, వెల్డింగ్ ఎంత నిండుగా పడిందో కళ్లతో చూసుకోవచ్చు. పెయింటు పడిందంటే ఆ వీలు మళ్లీ దొరకదు. అందుకే అలాంటి కారును ఉన్నది ఉన్నట్టుగా, రేకు కనిపిస్తుండగానే అమ్మాలి.

ఈ మాట ఏ పాత కారుకైనా కొంత వర్తిస్తుంది. టాప్ లేని కారుకు మాత్రం ఇది ప్రాణం లాంటి విషయం. ఎందుకో తెలియాలంటే బ్రిటన్‌ వాళ్ల ఎంజీబీని చూడాలి. 1962లో వచ్చిన ఈ రెండు సీట్ల కారును ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్‌లో 1980 దాకా తయారుచేశారు. టాప్ ఉన్న జీటీ రకంతో కలిపితే 5 లక్షలకు పైగా బయటికి వచ్చాయి. అంతకు ముందరి ఎంజీఏకు కింద విడిగా ఛాసిస్ ఉండేది. ఎంజీబీకి అది లేదు, బాడీయే ఛాసిస్. టాప్ ఉన్న కారులో బాడీ వంగకుండా పట్టి ఉంచే పనిలో ఫ్లోరుతో పాటు పైకప్పుకూ వాటా ఉంటుంది. ఆ కప్పు లేనప్పుడు భారమంతా డోర్ల కింద పొడుగునా సాగే రేకు అరల మీదికి వస్తుంది. వీటిని సిల్స్ అంటారు. బయట ఒక రేకు, లోపల ఒక రేకు, రెండింటి నడుమ నిలువుగా మరొకటి, అడుగున ఇంకో మడత. ముందు మడ్‌గార్డు వెనక పేరుకున్న బురదా, చలికాలంలో మంచు కరగడానికి బ్రిటన్ రోడ్ల మీద చల్లే ఉప్పూ ఈ అరల్లోకి దిగి వాటిని లోపలి నుంచే తినేస్తాయి. పైకి ఎర్రటి పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది.

దీన్ని సరిచేసే పద్ధతి ఒకటే. ముందు కారును సమంగా నిలబెట్టాలి, డోరు తెరుచుకునే చోట ఇనుప కడ్డీలతో బిగించి బాడీ కుంగకుండా చూడాలి, ఆ తరవాతే కుళ్లిన రేకును కోసి పొర తరవాత పొర కొత్తది వెల్డింగ్ చేయాలి. ఓపికతో, ఖర్చుతో కూడిన పని. అడ్డదారి కూడా ఉంది. కుళ్లిన రేకును అలాగే ఉంచి, దాని మీదే కొత్త రేకు కప్పి, అంచులకు పుట్టీ పెట్టి, పెయింటు కొడతారు. కడ్డీలు బిగించకుండా కోస్తే బాడీ నడుమ కుంగుతుంది, డోరు వెనక అంచు దగ్గర సందు పైన ఒకలా కింద ఒకలా మారిపోతుంది. వంకర బాడీకి కొత్త సిల్స్ వెల్డింగ్ చేస్తే ఆ వంకరే శాశ్వతమవుతుంది. పెయింటు వేశాక మంచి పనినీ చెడ్డ పనినీ అయస్కాంతంతో తడిమి, జాకీ ఎత్తి, డోర్లు తెరిచి మూసి ఊహించుకోవాల్సిందే. రేకు బయటికి ఉంటే ఆ ఊహలతో పనే లేదు. డబ్బు పోసి సిల్స్ పని సవ్యంగా చేయించినవాడు పై పెయింటు తొందరలో తన దగ్గరున్న అతి గట్టి సాక్ష్యాన్ని తానే కప్పేసుకుంటున్నాడు.

పాత కార్ల బేరంలో ఈ సాక్ష్యం ఎంత బరువైనదో ఆర్థికశాస్త్రం ఎప్పుడో చెప్పింది. 1970లో జార్జ్ అకెర్లాఫ్ రాసిన ఒక వ్యాసం సెకండ్ హ్యాండ్ కార్లనే ఉదాహరణగా తీసుకుంది. బండి లోగుట్టు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియనప్పుడు కొనేవాడు ప్రతి బండిలోనూ ఏదో లోపం ఉందనుకునే రేటు కడతాడు. ఆ రేటుకు మంచి బండి ఉన్నవాడు అమ్మడానికి ఇష్టపడడు, బజారులో చెడ్డవే మిగులుతాయి. మూడు పత్రికలు తిప్పికొట్టిన ఆ వ్యాసమే 2001లో ఆయనకు మరో ఇద్దరితో పాటు నోబెల్ తెచ్చింది. లోపాలు చెబితే రేటు పడిపోతుంది కదా అన్న అభ్యంతరానికి జవాబు ఇందులోనే ఉంది. చెప్పకపోయినా రేటు పడే ఉంటుంది, కొనేవాడు తన భయం కొద్దీ ముందే కోసేసుకుంటాడు. వెనక ఫ్లోరు ఇంకా మార్చలేదని విడమరిచి చెప్పినప్పుడు ఆ ఒక్క ఫ్లోరు ఖర్చే తగ్గుతుంది. నోరు మెదపకపోతే బాడీ మొత్తం మీద అనుమానానికి రేటు తగ్గుతుంది.

పూర్తిచేసి అమ్మితే ఎక్కువ రాదా అన్నది మరో ప్రశ్న. ఎక్కువే వస్తుంది, అయితే అంతకంటే ఎక్కువ ఖర్చవుతుంది. పని ఎందుకు సగంలో ఆగిందో గుర్తుచేసుకుంటే చాలు. మిగిలిన సగంలో పెయింటు, సీట్లు, వైరింగు, క్రోమ్ పూత, మడత టాప్ ఉంటాయి. ఇవన్నీ గంటల లెక్కన కూలి గుంజే పనులు. ఎంజీబీ లాంటి, లక్షల్లో తయారైన కారుకు పూర్తయ్యాక వచ్చే రేటుకు బజారే ఒక గీత గీసి పెట్టింది. షెడ్డు కూలికి అలాంటి గీత లేదు. ఇన్నాళ్లు ఇంత పోశాను, ఇప్పుడు ఆపితే ఎలా అన్న బాధ నిజమైనదే, దాన్ని చిన్నచూపు చూడకూడదు. కానీ పోసింది పోయింది. ఇకముందు పెట్టే ప్రతి రూపాయికీ రూపాయికి మించి తిరిగొస్తుందా అన్నదే చూడాలి. సొంత చేతులతో పనిచేసుకోగలిగేవాడికి, పని మీద ప్రేమ ఉన్నవాడికి ఈ లెక్క అక్కర్లేదు. ఆ మనిషి అసలు అమ్మకానికే పెట్టడు.

ఉన్నది ఉన్నట్టుగా అమ్మడానికి ఉదాహరణగా 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో జరిగిన బయోన్ సేకరణ వేలాన్ని కూడా కొందరు ముందుకు తెస్తారు. పశ్చిమ ఫ్రాన్స్‌లో ఒక ఎస్టేటులో దశాబ్దాలుగా మూలనపడ్డ కార్లలో 1961 నాటి ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ ఒకటి బయటపడింది. అదీ టాప్ లేని కారే. పాత పత్రికల గుట్టల కింద దొరికిన ఆ కారును ఏ మెరుగూ దిద్దకుండా అమ్మితే 1 కోటి 60 లక్షల యూరోలు దాటింది. ఆ అంకెను చూసి ఎంజీబీ యజమాని ఆశలు పెంచుకోకూడదు, ఆ ఫెరారీ లోకం వేరు. పైగా అది ఎవరూ ముట్టని కారు, ఇది సగం విప్పిన కారు. కానీ ఆ వేలం ఒక సంగతి తేల్చింది. కారు తన చరిత్రను దాచకుండా చూపిస్తే దానికి గిరాకీ ఉంటుంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో తెచ్చిన టురిన్ చార్టర్ కూడా చేసిన ప్రతి మార్పునూ రాసిపెట్టమనే చెబుతుంది. సగం విప్పిన కారుకు ఆ చరిత్ర ఫొటోల్లో, బిల్లుల్లో ఉంటుంది. అవి లేకుండా బయటికి కనిపించే రేకు కూడా సగం సాక్ష్యమే.

విడి భాగాలుగా అమ్మేస్తే పోతుంది కదా అనే వాళ్లకూ సమాధానం చెప్పాలి. ఎంజీబీ విషయంలో ఇది అంతగా గిట్టుబాటు కాదు. 1988 నుంచి ఈ కారుకు బాడీయే కొత్తగా దొరుకుతోంది, తక్కిన సామాను కూడా చాలా వరకు కొత్తది దొరుకుతుంది. కొత్తది దొరికే చోట పాత సామానుకు పెద్ద రేటు రాదు. బాడీ ఎక్కడా పట్టు లేకుండా కుళ్లిపోయి ఉంటే విప్పి అమ్మడమే న్యాయం, అందులో తప్పేమీ లేదు. సిల్స్ పని సవ్యంగా పూర్తయిన బాడీని మళ్లీ ముక్కలు చేయడం మాత్రం చేతికందిన పనిని నేలపాలు చేయడమే.

మన దగ్గర ఇదే బేరానికి చట్టం మరికొన్ని మెలికలు పెడుతుంది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనం ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారకుండా ఉంటేనే వింటేజ్ కింద రిజిస్టర్ అవుతుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేలు, పదేళ్ల తరవాత మళ్లీ చేయించుకోవడానికి 5 వేలు ఫీజు. అంటే సగం పనిలో ఏది మార్చారో, ఏది అసలుదో రుజువు చూపించలేని కారు కొనేవాడికి ఆర్టీఓ ఆఫీసులోనూ ఇబ్బందే. మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు పైకప్పును బోల్టులతో బిగించేవారు. కాబట్టి టాప్ లేని హెరాల్డ్ కనిపిస్తే పుట్టుకతోనే ఓపెన్ కారా, తరవాత టాప్ విప్పేశారా అన్నది మొదట తేల్చుకోవాలి. ఆర్సీలో రాసిన బాడీ రకం ఒకటి, కళ్లముందు ఉన్నది మరొకటి అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. ఇక బదిలీ సంగతి. నడవని బండే కదా అని ఫారం 29, 30 సంతకాలు పెట్టి ఊరుకునే వాళ్లు ఎందరో. ఆర్సీలో పేరు మారనంత కాలం ప్రమాద పరిహారం బాధ్యత పాత యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. సొంత రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో, బయటి రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల్లో తెలియజేయడం అమ్మేవాడి పని.

రేటు కట్టే తీరు దాచాల్సిన రహస్యమేమీ కాదు. అదే కారు పూర్తయిన స్థితిలో ఎంతకు పోతోందో చూసుకోవాలి, మిగిలిన పనికి షెడ్డువాడు రాసిచ్చిన అంచనా తీసేయాలి, బయటపడబోయే చిక్కులకు ఇంకొంత తీసేయాలి. ఆ లెక్క కాగితం కొనేవాడి చేతికే ఇచ్చేస్తే బేరం అంకెల మీద సాగుతుంది. విప్పిన సామాను ఏ సంచిలో ఏముందో రాసి, లేనివాటికి విడిగా పట్టీ వేయాలి. అన్నిటికంటే ముందు మడత టాప్ ఫ్రేము చూడాలి. షెడ్లు మారే దారిలో వంగేదీ పోయేదీ చాలాసార్లు అదే. పెయింటు లేని బాడీకే దాన్ని తాత్కాలికంగా బిగించి, డోరు అద్దం పైకి లేపి, ముందు అద్దం చట్రానికి టాప్ అంచు సరిగ్గా అందుతోందని కొనేవాడికి చూపించాలి. బాడీ వంకర పోలేదనడానికి ఆ అమరిక కంటే తేలికగా చూపించగల రుజువు లేదు.