మగకుక్కనూ పరీక్షించండి

ఆడకుక్క రెండుసార్లు ఎదకొచ్చింది, రెండుసార్లూ క్రాసింగ్ చేయించారు, చూలు నిలవలేదు. అరియాంకుప్పంలోనైనా యానాంలోనైనా నింద ముందు పడేది ఆడదాని మీదే. మగది హుషారుగా ఉంది, లాక్ కూడా పడింది కదా అంటారు. ఆ హుషారును చూసి వీర్యం బాగుందనుకోలేం. నిజానికి చాలాచోట్ల తప్పు ఏ కుక్కదీ కాదు, రోజులు లెక్కతప్పిన మనదే. ప్రొజెస్టెరాన్ రక్తపరీక్షతో సరైన రోజు చూసుకున్నా నిలవకపోతే మగకుక్క వీర్యం చూడాల్సిందే.

కుక్క వీర్యం మూడు విడతలుగా వస్తుంది. మొదటిదీ చివరిదీ నీళ్లలా ఉంటాయి, కణాలన్నీ మధ్యలో వచ్చే పాలలాంటి విడతలోనే. దాన్నుంచి ఒక చుక్కకు ఇయోసిన్-నైగ్రోసిన్ రంగు కలిపి గాజుపలక మీద పూసి సూక్ష్మదర్శినిలో చూస్తే, నల్లటి నేల మీద బతికున్న కణాలు తెల్లగా, చచ్చినవి గులాబీ రంగులో కనిపిస్తాయి. తోక చుట్టుకుపోయినవి, తల ఊడినవి, రెండు తలలవి, మెడ దగ్గర చిన్న బొట్టు అంటుకున్నవి కూడా ఉంటాయి. మంచి కుక్కలోనూ ఇవి కొన్ని తప్పవు. నూటికి 70 పైగా సరైన ఆకారంలో ఉండి, అంతే శాతం ముందుకు ఈదుతుంటే దిగుల్లేదు. సరైనవి 60కి తగ్గితే చూలు నిలిచే అవకాశమూ తగ్గుతుంది. చాన్నాళ్లుగా క్రాసింగ్ లేని కుక్కకైతే మొదటి నమూనాలో పాతబడిన కణాలే ఎక్కువ. కొన్ని రోజులాగి మళ్లీ తీయించాలి.

వీర్యం ఎందుకు చెడుతుందంటే, మన వైపు ముందు అనుమానించాల్సింది జ్వరాన్ని. వృషణాలు ఒంటి వేడికన్నా చల్లగా ఉంటేనే కణాలు సరిగా తయారవుతాయి. గోమార్లు కుట్టి ఎర్లీషియా జ్వరం వచ్చిన కుక్క మందులతో కోలుకుని అన్నం తింటుంది, తోకాడిస్తుంది. కానీ ఒక కణం తయారవడానికి సుమారు 62 రోజులు, పక్వమవడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. కాబట్టి జ్వరం తగ్గిన నెలకే పరీక్ష చేయించి కుక్క పనికిరాదని తేల్చేయడం అన్యాయం. రెండున్నర నెలలు ఆగాలి. బలానికని మగహార్మోన్ ఇంజెక్షన్లు వేయించేవాళ్లూ ఉన్నారు. వాటితో కణాల తయారీ తగ్గిపోతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది.

బ్రూసెల్లా కానిస్ అనే బ్యాక్టీరియా సంగతి వేరు. దాంతో కణాల తలలు ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి. పూర్తిగా నయమైందని నమ్మడానికి వీల్లేని జబ్బు, మనుషులకూ అంటుతుంది. ఆ కుక్కను ఇక క్రాసింగ్‌కు వాడకూడదు. ఒక వృషణం కిందికి దిగని కుక్కనూ అంతే, ఆ లోపం పిల్లలకు పోతుంది.

తెలుగు రాజులు స్థిరపడ్డ రాజపాళయం పేరున్న తెల్లకుక్కల్లాంటి దేశీ జాతుల్లో ఇంకో చిక్కుంది. మందలు చిన్నవి కావడంతో దగ్గరి రక్తంలోనే క్రాసింగ్ జరిగిపోతుంటుంది. దాని ఫలితం ఎంతదాకా పోతుందో అమెరికాలో ఫ్లోరిడా పాంథర్లనే ప్యూమాలు చూపించాయి. వాటి వీర్యకణాల్లో నూటికి 90 పైగా వికృతమైనవే. 1995లో టెక్సాస్ నుంచి ఎనిమిది ఆడ ప్యూమాలను తెచ్చి వదిలాకే ఆ జాతి తేరుకుంది.

పుదుచ్చేరి చుట్టుపక్కలవాళ్లకు కురుంబపేటలో పశువైద్య కళాశాల ఉంది. పరీక్ష గురించి అడగడానికి వెళ్లేటప్పుడు కుక్కకు జ్వరం వచ్చిన తేదీలు, వాడిన మందుల చీటీలు వెంట తీసుకెళ్లండి.