రాయ్‌పూర్ రౌటర్ ఏ దారి పడుతుంది?

రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నం వెళ్లే రైలు మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, విజయనగరం మీదుగా పోతుంది. రోడ్డు మీద వెళ్లేవారు ధంతరి, కాంకేర్, జగదల్‌పూర్ వైపు సాగి, ఆ తర్వాత ఘాట్ రోడ్డు దిగుతారు. టికెట్ ధర, ప్రయాణ సమయం, సామాను బరువు చూసుకుని ఏ దారిలో వెళ్లాలో ప్రయాణికుడే తేల్చుకుంటాడు. అదే ఊరి నుంచి శ్రీకాకుళంలోని బంధువులకు వీడియో కాల్ చేస్తే మాత్రం దారి ఎంచుకునే వీలు చేసినవారికి లేదు. రైల్వేలోనూ, పక్కనే ఉన్న భిలాయి ఉక్కు కర్మాగారంలోనూ ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇలాంటి కాల్స్ రోజువారీ వ్యవహారమే. ఆ మాట, ఆ ముఖం చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి బయలుదేరతాయి. దారిలో ప్రతి కూడలిలోనూ ఒక రౌటర్ ప్యాకెట్ మీది గమ్యం చిరునామా చూసి, తన పట్టికలో వెతికి, ఏదో ఒక వైపు పంపేస్తుంది. పట్టికలో ఆ దారి లేకపోతే ప్యాకెట్ అక్కడితో ఆగిపోతుంది.

మరి ఆ పట్టికలోకి దారి ఎలా చేరుతుంది?

ఇంటర్నెట్‌కు ఒక యజమాని అంటూ లేడు. డెబ్బై వేలకు పైగా స్వతంత్ర నెట్‌వర్కులు ఒకదానితో ఒకటి కలవడం వల్లే అది నడుస్తోంది. ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక సంఖ్య ఉంటుంది: బీఎస్ఎన్ఎల్‌ది 9829, ఎయిర్‌టెల్‌ది 9498, జియోది 55836. మన దేశంలో ఈ సంఖ్యలను, ఐపీ చిరునామాలను 2012 నుంచి ఐఆర్ఐఎన్ఎన్ అనే రిజిస్ట్రీ కేటాయిస్తోంది. ఈ నెట్‌వర్కులు తమలో తాము మాట్లాడుకునే భాషే బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్, పొట్టిగా బీజీపీ. 1989లో కిర్క్ లఖీడ్, యాకోవ్ రెక్టర్ అనే ఇద్దరు ఇంజినీర్లు భోజన సమయంలో కాగితపు నాప్‌కిన్ల మీద దీని తొలి రూపాన్ని గీశారు. అప్పటి అవసరం గడిస్తే చాలనుకున్న ఏర్పాటు అది. దాని నాలుగో రూపం మీదే ఇవాళ్టి ఇంటర్నెట్ అంతా నడుస్తోంది.

బీజీపీ చేసే పని ఒక రకంగా చాటింపు వేయడమే. ఒక నెట్‌వర్క్ తన పొరుగు నెట్‌వర్క్‌తో "ఈ చిరునామాలకు నా గుండా వెళ్లవచ్చు" అని చెబుతుంది. పొరుగు నెట్‌వర్క్ ఆ మాటకు తన సంఖ్య చేర్చి అవతలి వారికి అందిస్తుంది. అలా ప్రకటన ఎంత దూరం పోతే అంత పొడవైన సంఖ్యల వరుస దాని వెంట ఉంటుంది. ఆ వరుసలో తన సంఖ్యే కనబడితే రౌటర్ ఆ ప్రకటనను తీసుకోదు. ప్యాకెట్లు గుండ్రంగా తిరుగుతూ ఉండిపోకుండా కాపాడేది ఇంత చిన్న నియమమే.

ఇప్పుడు రాయ్‌పూర్‌లో రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు ఉన్న ఒక కళాశాలను ఊహించుకోవచ్చు. ఒకటి విద్యాసంస్థల నెట్‌వర్క్, రెండోది వాణిజ్య సంస్థది. హైదరాబాద్‌లోని ఒక పరీక్షా సర్వర్‌కు రెండింటి నుంచీ ప్రకటన వచ్చింది. మొదటి దాని వరుసలో మూడు సంఖ్యలు, రెండో దానిలో రెండు. రౌటర్ దేన్ని తీసుకుంటుంది?

పొట్టి వరుసే గెలుస్తుందని చాలామంది అనుకుంటారు. అంతకంటే ముందు చూసేవి వేరే ఉన్నాయి. ప్రకటనలో చెప్పిన తర్వాతి మజిలీకి అసలు చేరుకోగలమా అన్నది మొట్టమొదటి పరీక్ష. అక్కడికి దారి లేకపోతే ఆ ప్రకటన పోటీలోనే ఉండదు. తర్వాత స్థానిక ప్రాధాన్యం. ఇది కళాశాల నిర్వాహకుడు తన నెట్‌వర్క్‌లో తానే వేసుకునే అంకె, మామూలుగా 100 ఉంటుంది. విద్యాసంస్థల లింకుకు ఆయన 200 వేశాడంటే, దాని వరుస ఎంత పొడవున్నా అదే గెలుస్తుంది. డబ్బు, ఒప్పందాలు, నమ్మకం అన్నీ ఈ ఒక్క అంకెలోకి వచ్చి చేరతాయి. బీజీపీ దూరాన్ని కొలిచే సాధనం అనడం కంటే, ఎవరి ఇష్టాన్ని వారు అమలు చేసుకునే సాధనం అనడం సరైనది.

రెండింటికీ ప్రాధాన్యం సమానమైతే అప్పుడు పొట్టి వరుసకు అవకాశం వస్తుంది. ఇక్కడా ఒక తిరకాసు ఉంది. వరుసలో లెక్కపెట్టేది నెట్‌వర్కులనే, కిలోమీటర్లను కాదు. రాయ్‌పూర్‌లోనే ఉన్న ఇద్దరు వినియోగదారులు రెండు వేర్వేరు కంపెనీల కనెక్షన్లు వాడుతున్నారనుకుంటే, ఆ కంపెనీలు కలుసుకునేది ముంబయిలో అయితే, పక్క వీధికి పంపిన ప్యాకెట్ కూడా దాదాపు 1,100 కిలోమీటర్లు వెళ్లి, మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. జవాబూ అలాగే తిరగాలి. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది కాబట్టి ఈ తిరుగుడుకే కనీసం 22 మిల్లీసెకన్లు ఖర్చు. సంఖ్యల వరుస చూస్తే మాత్రం అది చాలా పొట్టిదే! దేశంలోని ట్రాఫిక్ దేశంలోనే, వీలైనంత దగ్గర్లోనే చేతులు మారాలని 2003లో నిక్సీ అనే సంస్థను నెలకొల్పి, హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో ఇంటర్నెట్ ఎక్స్ఛేంజీలు తెరిచింది అందుకే.

వరుసలూ సమానమైతే ప్రకటన ఎలా పుట్టిందో, పొరుగు నెట్‌వర్క్ ఏ ద్వారం గుండా రమ్మని సూచించిందో చూస్తుంది. బయటివారి నుంచి నేరుగా విన్నదాన్ని, సొంత నెట్‌వర్క్‌లోని మరో రౌటర్ ద్వారా విన్నదానికంటే మేలుగా ఎంచుతుంది. అప్పటికీ తేలకపోతే దగ్గరి ద్వారం, ఇంకా తేలకపోతే తక్కువ గుర్తింపు సంఖ్య ఉన్న రౌటర్. చివరికొచ్చేసరికి ఇది బొమ్మాబొరుసు వేయడం లాంటిదే. కాకపోతే ఎన్నిసార్లు వేసినా ఒకే ఫలితం వచ్చే బొమ్మాబొరుసు.

ఇదంతా బయటికి వెళ్లే ప్యాకెట్ల సంగతి. తిరిగి వచ్చేవాటి దారిని హైదరాబాద్ వైపు రౌటర్లు తమ ఇష్టప్రకారం నిర్ణయిస్తాయి. ఒక దారిన వెళ్లిన ప్రశ్నకు ఇంకో దారిన జవాబు రావడం ఇంటర్నెట్‌లో మామూలే.

బీజీపీ ఒక దారిని ఎంచుకున్నంత మాత్రాన అది పట్టికలోకి ఎక్కినట్టు కాదు. అదే గమ్యానికి నిర్వాహకుడు చేత్తో రాసిన దారి ఉండవచ్చు, నెట్‌వర్క్ లోపల వాడే మరో ప్రోటోకాల్ తెచ్చిన దారీ ఉండవచ్చు. ఏ మాటను ఎక్కువ నమ్మాలో రౌటర్‌కు ఒక లెక్క ఉంది. సిస్కో రౌటర్లలో నేరుగా తగిలించిన తీగకు 0, చేత్తో రాసినదానికి 1, బయటి బీజీపీకి 20, లోపలి ఓఎస్‌పీఎఫ్‌కు 110, లోపలి బీజీపీకి 200. తక్కువ అంకె గలదే పట్టికలో చేరుతుంది. తాను ఎంచుకున్న దారికి అక్కడ చోటు దొరకకపోతే బీజీపీ దాని పక్కన ఒక గుర్తు పెట్టి ఊరుకుంటుంది. కొత్తగా ఈ పనిలో చేరిన ఇంజినీర్లు గంటల తరబడి తలపట్టుకునేది ఆ గుర్తు దగ్గరే.

పట్టికలో చేరిన దారులు అక్కడి నుంచి ప్యాకెట్లను మళ్లించే చిప్‌లలోకి నకలవుతాయి. ఆ చిప్‌ల జ్ఞాపకశక్తికి హద్దు ఉంది. 2014 ఆగస్టు 12న ప్రపంచ దారుల సంఖ్య 5 లక్షల 12 వేల గీత దాటింది. అంతవరకే చోటున్న పాత రౌటర్లు తడబడి, అనేక చోట్ల ఇంటర్నెట్ మందగించింది. ఇప్పుడు ఆ సంఖ్య సుమారు 10 లక్షలు.

చిప్ దగ్గర పనిచేసే నియమం ఇంకొకటి ఉంది, దీని ముందు పైన చెప్పిన ప్రాధాన్యాలేవీ చెల్లవు. చిరునామాను ఎంత నిర్దిష్టంగా చెబితే ఆ దారికే ప్యాకెట్ పోతుంది. జిల్లా పేరున్న బోర్డు, వీధి పేరున్న బోర్డు రెండూ ఉంటే వీధి బోర్డునే నమ్మినట్టు. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తన దేశంలో యూట్యూబ్‌ను అడ్డుకోవాలని 256 చిరునామాల దారిని ప్రకటించింది. అది పొరపాటున దేశం దాటింది. యూట్యూబ్ ప్రకటించినది 1,024 చిరునామాల పెద్ద గుంపు కావడంతో చిన్నదే గెలిచి, ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ సుమారు రెండు గంటలు అందలేదు. యూట్యూబ్ కూడా తన చిరునామాలను అంతే చిన్న గుంపుగా, ఆ తర్వాత ఇంకా చిన్న ముక్కలుగా ప్రకటించుకోవలసి వచ్చింది. మన దేశంలో 2021 ఏప్రిల్ 16న వొడాఫోన్ ఐడియా నెట్‌వర్క్ తనవి కాని 30 వేలకు పైగా దారులను కొద్ది నిమిషాలపాటు తనవిగా చాటింది.

బీజీపీ పుట్టినప్పుడు ఎదుటివారి మాట నమ్మడమే పద్ధతి. ఫలానా చిరునామాలను ఫలానా నెట్‌వర్కే ప్రకటించాలని డిజిటల్ సంతకంతో నమోదు చేసే ఆర్‌పీకేఐ విధానం తర్వాత వచ్చింది. నమోదుకు విరుద్ధమైన ప్రకటనలను రౌటర్ ఎంపిక దాకా రానీయకుండానే పక్కన పెట్టగలదు. ఐఆర్ఐఎన్ఎన్ నుంచి చిరునామాలు పొందిన సంస్థలు ఆ సంతకం చేసుకోవచ్చు. చేయకపోతే కాపాడేవారు ఉండరు.

రాయ్‌పూర్ కళాశాలకు మాత్రం హ్యాకర్ కంటే రోడ్డు వెడల్పు చేసే జేసీబీయే ఎక్కువ ముప్పు. ఫైబర్ ఎక్కడో మధ్యలో తెగినా, రౌటర్‌కూ కంపెనీకీ మధ్య ఉన్న పరికరాలు వెలుగుతూనే ఉంటే రౌటర్‌కు ఆ సంగతి తెలియదు. పొరుగు రౌటర్ నుంచి "ఉన్నాను" అనే పలకరింపు కోసం ఎదురుచూస్తుంది. ప్రమాణం సూచించే గడువు 90 సెకన్లు. సిస్కోలో మార్చకుండా వదిలేస్తే 180 సెకన్లు. అంతసేపూ ఆన్‌లైన్ పరీక్ష రాస్తున్న విద్యార్థుల జవాబులు తెగిన తీగలోకే పోతుంటాయి. గడువు ముగిశాకే ఆ దారిని తీసేసి, రెండో స్థానంలో ఉన్న వాణిజ్య లింకును పట్టికలోకి ఎక్కిస్తుంది. బీఎఫ్‌డీ అనే చిన్న పరిశీలక ప్రోటోకాల్‌ను రెండు వైపులా ఆన్ చేస్తే ఇదే పని సెకనులోపు జరిగిపోతుంది. దానికి కంపెనీ కూడా ఒప్పుకోవాలి కాబట్టి, కనెక్షన్ ఒప్పందం రాసుకునే రోజే అడగాల్సిన విషయం ఇది.