పోయిన దోస్తు నంబర్ ఎన్నాళ్లు ఉంటది?

ఇయ్యాల ఎపిసోడ్ కొంచెం బరువుగా ఉంటది. చిన్నప్పటి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్న దోస్తు చిన్న వయసులనే పోయిండు అనుకోండి. మన తాతల కాలంల అయితే ఒక ఫొటోకు ఫ్రేమ్ కట్టించి గోడకు పెట్టేటోళ్లు. ఇప్పుడు వాడి ఫొటోలు, గొంతు, మన కొట్లాటలు, అన్నీ ఫోన్‌లోనే ఉన్నయ్. వాటికి గడువు ఉందన్న సంగతే చాలామందికి తెలియదు.

ముందు సిమ్. ప్రీపెయిడ్ నంబర్‌ను 90 రోజులు అసలు వాడకపోతే, బ్యాలెన్స్ కూడా లేకపోతే కంపెనీ ఆపేయొచ్చు. ఆపేసినంక కనీసం 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వరు. ఆ తర్వాత ఇస్తరు. అంటే ఆరు నెలలు దాటితే ఆ నంబర్ కొత్త మనిషి చేతిల ఉండొచ్చు. ఆ మనిషి వాట్సాప్ పెట్టుకుంటే, మన ఫోన్‌ల దోస్తు పేరు పక్కన ఎవరిదో డీపీ కనిపిస్తది.

నాకు అట్లనే అయింది. తొర్రూరుల నాతో పదో తరగతి దాకా చదివిన మా వాడి పేరు పక్కన ఒకరోజు గులాబీ పువ్వు వచ్చింది. ఫోన్ చేస్తే ఎవరో పెద్దమనిషి ఎత్తిండు. పాపం ఆయనకేం తెలుసు, షాపుల ఇచ్చిన నంబర్ తీసుకున్నడు. అట్లాంటివాళ్ల మీద కోపం చేయకండి.

వాట్సాప్ లెక్క వేరే. 120 రోజులు వాడకపోతే అకౌంట్‌ను మామూలుగా తీసేస్తది. భయపడకండి, మీ ఫోన్‌ల ఉన్న చాట్ దాంతోని పోదు. మీరు ఫోన్ మార్చి బ్యాకప్ సరిగ్గా తీయకపోతే పోతది. స్టోరేజ్ నిండిందని మనమే వాయిస్ నోట్లు తుడిచేస్తే పోతది. అందుకే చాట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, మోర్‌లోకి పోయి, ఎక్స్‌పోర్ట్ చాట్ కొట్టి, మీడియాతో సహా దాచుకోండి. ఏండ్ల నాటి చాట్ అయితే మొత్తం ఒకేసారి రాదు. కాబట్టి వాయిస్ నోట్లు ముందు. ఫొటోలు ఇంకెవరి దగ్గరైనా దొరుకుతయ్, మీతో మాట్లాడిన గొంతు దొరకదు. మా వాడి వాయిస్ నోట్లల్ల సగం "అరే ఎక్కడున్నవ్ రా, బస్టాండ్ల నిలబడ్డ" అనేవే. వెనక బస్సు హారన్ కూడా వినబడతది.

ఇంక ఫేస్‌బుక్. పోయినవాళ్ల ప్రొఫైల్‌ను జ్ఞాపకంగా మార్చే పద్ధతి గురించి 2009లో ఆ కంపెనీల భద్రత చూసే మ్యాక్స్ కెల్లీ రాసిండు. అక్కడే తనతో పనిచేసే ప్రాణస్నేహితుడు సైకిల్ ప్రమాదంల చనిపోతే, ఆ ప్రొఫైల్‌ను ఏం చేయాలన్న ప్రశ్న వాళ్లకు మొదట ఎదురైందట. మరణానికి ఆధారం పంపితే పేరు దగ్గర రిమెంబరింగ్ అని వస్తది, పుట్టినరోజు నోటిఫికేషన్లు ఆగుతయ్.

కానీ ఇక్కడ ఆగండి. ఒకసారి అట్ల మారితే పాస్‌వర్డ్ తెలిసినా ఎవరూ లాగిన్ కాలేరు. వాళ్లమ్మ రోజూ రాత్రి కొడుకు ఫోన్‌ల అదే అకౌంట్ తెరిచి ఫొటోలు చూసుకుంటుండొచ్చు. మనం మంచికే అనుకొని రిక్వెస్ట్ పంపితే ఆమెకు తలుపు మూసినట్టే. ఇంటికిపోయి అడగండి. మెసేజ్ పెట్టి కాదు.

గూగుల్ అకౌంట్ రెండేండ్లు ఎవరూ వాడకపోతే ఫొటోలతో సహా తీసేయొచ్చు. ఆ పని 2023 డిసెంబర్‌ల మొదలైంది. సెట్టింగ్స్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటది. మన తర్వాత మన డేటా ఎవరికి చేరాలో, బతికుండగానే 10 మంది దాకా పేర్లు ఇవ్వొచ్చు.

బతికుండగానే అంటే నాకు దాశరథి గుర్తొస్తడు. ఆయన పుట్టిన చిన్నగూడూరు మా మహబూబాబాద్ జిల్లాలనే. నిజాం మీద కొట్లాడి నిజామాబాద్ జైలుకు పోయినప్పుడు వట్టికోట ఆళ్వారుస్వామి తోడున్నడు. ఆ జైలు గోడల మీదనే దాశరథి బొగ్గుతో పద్యాలు రాసింది. చిన్ననాటి దోస్తులు కాదు వీళ్లు, ఆళ్వారుస్వామి పదేండ్లు పెద్ద. 1949ల వచ్చిన 'అగ్నిధార'ను దాశరథి ఆయనకే అంకితమిచ్చిండు. 1961ల, 46వ ఏటనే ఆళ్వారుస్వామి పోయిండు. 'గంగు' నవల సగంలనే ఆగింది. దోస్తు పుస్తకంల తన పేరు మాత్రం కండ్లార చూసుకున్నడు.

ఇంకొక్క పని. బడి గ్రూపుల అందరి దగ్గరున్న ఫొటోలు ఒక్క ఫోల్డర్‌ల వేయించండి. ఒక్కోదాని కింద ఎక్కడ, ఎప్పుడు, పక్కన ఎవరు అని రాయండి. పదేండ్లయితే మనకే యాదికుండదు. మేము అట్ల ఏరి, ప్రింట్లు కొట్టించి వాళ్లింట్ల ఇచ్చినం. వాళ్ల నాన్న అన్నీ తిరగేసి ఒక ఫొటో పక్కకు తీసిండు. "ఈ అంగీ నాది," అన్నడు.