కుండకూ దువ్వెనకూ ఒకటే చిక్కు
ఫార్ములా బట్టీపడితే మార్కులొస్తాయి. లెక్కలో కనిపించని తేమను పట్టించుకుంటేనే ఫిజిక్స్ అర్థమవుతుంది

పుదుచ్చేరికి పశ్చిమాన సుమారు 10 కి.మీ. దూరంలో ఉన్న విల్లియనూరు టెర్రకోట పనితనానికి పెట్టింది పేరు. ఆ కళకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అక్కడి వారి చేతిలో రూపుదిద్దుకునే కాల్చిన మట్టి ఇంటర్ విద్యార్థికి ఒక పాఠం కూడా చెబుతుంది. ఆ మట్టి నిండా సూక్ష్మ రంధ్రాలే. కుండలోని నీరు వాటి గుండా ఊరి, పైకి వచ్చి ఆవిరవుతుంది. మామూలు ఉష్ణోగ్రత వద్ద గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కేలరీలు కావాలి. అందులో ఎక్కువ భాగం కుండలోని నీటి నుంచే పోతుంది.

లెక్క వేసి చూడండి. 10 లీటర్ల కుండ నుంచి 100 గ్రాములు ఆవిరైతే పోయే వేడి 58,000 కేలరీలు. అదంతా లోపలి నీరే ఇస్తే ఉష్ణోగ్రత దాదాపు 6 డిగ్రీలు తగ్గాలి. నిజానికి అంత తగ్గదు. బయటి వేడి గోడ గుండా లోపలికి వస్తూనే ఉంటుంది. గోడ పలచనైనా, లోపలికీ బయటికీ తేడా పెరిగినా ఆ ప్రవాహం పెరుగుతుందని ఫ్రెంచి గణితవేత్త ఫోరియర్ సూత్రం (1822). పోయే వేడి, వచ్చే వేడి సమానమైన చోట చల్లబడటం ఆగిపోతుంది.

ఆ హద్దును ప్రధానంగా నిర్ణయించేది గాలిలోని తేమ. మే నెలలో రెంటచింతల పొడిగాలికి కుండ నీళ్లు జిల్లుమంటాయి. ఈశాన్య రుతుపవనాలు ముసిరిన నవంబరులో విల్లియనూరులో అదే కుండ అంతగా పనిచేయదు.

విద్యుదావేశానిదీ అదే కథ. పొడి జుట్టును దువ్విన ప్లాస్టిక్ దువ్వెన కాగితం ముక్కల్ని ఆకర్షిస్తుంది. తేమ రోజున దువ్వెనపై పలచని నీటి పొర చేరి ఆవేశం జారిపోతుంది. ప్రయోగం విఫలమైనంత మాత్రాన సూత్రం తప్పు కాదు, పరిస్థితి మారిందంతే.

అంకెల విషయంలోనూ ఇదే అశ్రద్ధ. ఒక్కో కూలుంబ్ ఆవేశాలు రెండింటిని మీటరు ఎడంగా ఉంచితే బలం ఎంత? 900 కోట్ల న్యూటన్లని విద్యార్థి టక్కున రాసేస్తాడు. అది 9 లక్షల టన్నుల బరువుకు సమానమని, దువ్వెనపై ఉండేది కూలుంబులో పది లక్షో వంతు కన్నా తక్కువేనని ఆలోచించడు.

ఈ అలవాటు మాన్పించడానికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. ఒకే సైజు కుండలు రెండు, థర్మామీటరు చాలు. ఒకదానికి బయట ఆయిల్ పెయింట్ పూయండి. రెంటిలోనూ ఒకే కొలత నీళ్లు పోసి, మర్నాడు ఏది చల్లగా ఉంటుందో, ఎందుకో ముందుగా రాయమనండి. తర్వాతే కొలవమనండి.