హాంబుర్గు యాత్రకు ఏ ఋతువు మేలు?

విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో యాత్రకు ముహూర్తం పెట్టేవి సాధారణంగా రెండు: పిల్లల బడి సెలవులు, విమానం టిక్కెట్టు ధర. వెళ్ళబోయే ఊరి వాతావరణం గురించి ఆలోచన వచ్చేది పెట్టెలు సర్దుకునే రోజునే. ఉష్ణమండలంలోని ఊళ్ళకు వెళ్ళేటప్పుడు దీనివల్ల పెద్ద నష్టం ఉండదు. ఉత్తర జర్మనీలోని హాంబుర్గు విషయం అట్లా కాదు. అక్కడ నెల ఎంపికలో పొరపాటు జరిగితే, వరంగల్లు నుంచో విజయనగరం నుంచో కొడుకును చూడవచ్చిన డెబ్బయ్యేళ్ళ తల్లిదండ్రులు మూడు వారాలపాటు కిటికీ పక్కన కూర్చుని బూడిదరంగు ఆకాశాన్ని చూసి తిరిగి వెళ్ళవలసి వస్తుంది. జర్మనీలో చదువుకుంటున్న విదేశీ విద్యార్థులలో నేడు భారతీయులదే అగ్రస్థానం. వారిలో తెలుగు పిల్లలు తక్కువేమీ కాదు. కాబట్టి ఈ ప్రశ్న విహారయాత్రికులకే కాక ఆ పిల్లల పెద్దలకు కూడా సంబంధించినదే.

ప్రపంచంలోని శీతోష్ణస్థితులను వర్గీకరించి, ఒక్కొక్క దానికి అక్షరాలతో గుర్తులు పెట్టిన శాస్త్రజ్ఞుడు వ్లాడిమిర్ క్యోపెన్. ఆయన 1875 నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా హాంబుర్గులోని నౌకా వాతావరణ పరిశోధనాలయంలోనే పనిచేశాడు. ఖండాలు కదులుతాయని 1912లో ప్రతిపాదించిన ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ ఆయన అల్లుడే. మామగారి తరువాత ఆ ఉద్యోగంలోకి వచ్చినవాడు కూడా అతడే. క్యోపెన్ పద్ధతిలో హాంబుర్గుకు వచ్చిన గుర్తు 'సీ-ఎఫ్-బీ'. అంటే మితమైన చలి, ఏడాది పొడుగునా వాన, మండిపోని వేసవి అని అర్థం. మూడు అక్షరాలలో ఊరి స్వభావం చాలావరకు ఇమిడిపోయింది. అయితే ఆ గుర్తులో లేనిది ఒకటి ఉంది. అది వెలుతురు. యాత్రికుడికి అన్నిటికంటె ముఖ్యమైనది అదే.

హాంబుర్గు ఉత్తర అక్షాంశం 53.5 డిగ్రీలు. హైదరాబాదుది 17.4. ఈ తేడాను అర్థం చేసుకోవడానికి పటం అక్కర లేదు, మనిషి నీడ చాలు. హైదరాబాదులో సంవత్సరం మొత్తం మీద ఏ రోజునైనా సరే, మధ్యాహ్నవేళ మనిషి నీడ అతని ఎత్తును మించదు. డిసెంబరు నెలలో కూడా అక్కడ సూర్యుడు దిగంతానికి 49 డిగ్రీల పైన ఉంటాడు. అదే డిసెంబరు 21న హాంబుర్గులో మధ్యాహ్న సూర్యుడి ఎత్తు 13 డిగ్రీలు. ఐదున్నర అడుగుల మనిషి నీడ దాదాపు 24 అడుగులు సాగుతుంది. ఆ రోజున సూర్యోదయం ఎనిమిదిన్నర దాటిన తరువాత, అస్తమయం సాయంత్రం నాలుగింటికి. పగలు మొత్తం ఏడున్నర గంటలు. జూన్ 21న ఇది తలకిందులై పగలు 17 గంటలవుతుంది. వేసవి గడియారం ప్రకారం సూర్యుడు అస్తమించేది రాత్రి పది కావస్తుండగా. మే నెల నడుమ నుంచి జూలై చివరి దాకా అక్కడ చిమ్మచీకటి అన్నది పడదు. అర్ధరాత్రి కూడా ఉత్తరాన సంధ్యకాంతి అంటిపెట్టుకునే ఉంటుంది. సంధ్యావందనం చేసే పెద్దలకు ఇది కొంత చిక్కే. కార్తీక సోమవారాలు ఉపవాసముండి నక్షత్రం చూసి భోజనం చేసేవారికి మాత్రం నవంబరు హాంబుర్గు ఎంతో అనుకూలం. మబ్బు తొలగితే సాయంత్రం ఐదున్నరకే నక్షత్రాలు కనిపిస్తాయి. మబ్బు తొలగడమే కష్టం.

ఇంత ఉత్తరాన ఉన్న ఊరు గడ్డకట్టుకుపోవాలి కదా అని సందేహం రావచ్చు. కెనడాలోని ఎడ్మంటన్ సరిగ్గా ఇదే అక్షాంశం మీద ఉంది. జనవరిలో అక్కడి సగటు ఉష్ణోగ్రత సున్నాకు పది డిగ్రీల దిగువన ఉంటుంది. హాంబుర్గులో అది సున్నాకు ఒకటి రెండు డిగ్రీల పైనే. కారణం సముద్రం. నీటి విశిష్టోష్ణం చాలా ఎక్కువ. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే ఉష్ణం, అంతే బరువున్న రాతికి పట్టేదానికి నాలుగైదు రెట్లు. వేసవిలో దాచుకున్న ఆ వేడిని అట్లాంటిక్ మహాసముద్రం చలికాలమంతా నెమ్మదిగా వదులుతుంది, పడమటి గాలులు దానిని మోసుకువస్తాయి. దీని ఘనతంతా గల్ఫ్ ప్రవాహానికే కట్టబెట్టడం పాఠ్యపుస్తకాలలో పరిపాటి. గాలులు వీచే దిశకు, సముద్రం ఋతువు నుంచి ఋతువుకు వేడిని దాచుకునే గుణానికి కూడా అందులో పెద్ద వాటా ఉంది.

ఈ సముద్ర స్వభావానికి మరొక ఫలితం ఆలస్యం. వెలుతురు జూన్‌లో పరాకాష్ఠకు చేరితే, వెచ్చదనం జూలై, ఆగస్టులకు గాని రాదు. కాబట్టి యాత్రికుడు వెలుతురు కావాలో, వేడి కావాలో తేల్చుకోక తప్పదు. రెండూ ఒకే నెలలో నిండుగా దొరకవు.

వాన సంగతి

హాంబుర్గు అంటే వాన అని జర్మనీ అంతటా అపకీర్తి. లెక్కలు చూస్తే ఇది కొంత అన్యాయం. ఏడాదికి అక్కడ పడేది సుమారు 770 మిల్లీమీటర్లు. దక్షిణాన ఉన్న మ్యూనిక్‌లో ఇంతకంటె ఎక్కువ పడుతుంది. ఇంకా ఆశ్చర్యం కలిగించే సంగతి, హైదరాబాదు వార్షిక వర్షపాతం కూడా ఇంచుమించు ఇంతే. తేడా అంతా పడే తీరులో ఉంది. హైదరాబాదులో ఆ వాన చాలావరకు నైఋతి ఋతుపవన కాలంలో, ఏభై రోజుల చుట్టుపక్కల కురిసి పోతుంది. హాంబుర్గులో అదే నీరు దాదాపు 130 రోజులకు పంచబడుతుంది. మన భాషలో దానికి సరైన మాట ముసురు. గొడుగు విప్పితే గాలికి తిరగబడుతుంది, విప్పకపోతే అరగంటలో చొక్కా తడుస్తుంది. అందుకే స్థానికులు గొడుగు నమ్మరు, తలకు టోపీ గల వానకోటు వేసుకుంటారు.

నెలల వారీగా చూస్తే మరొక విశేషం బయటపడుతుంది. అన్నిటికంటె తక్కువ వాన ఏప్రిల్‌లో, 40 మిల్లీమీటర్ల ప్రాంతంలో. అన్నిటికంటె ఎక్కువ జూలై, ఆగస్టులలో, దానికి ఇంచుమించు రెట్టింపు. అంటే బడి సెలవులను బట్టి వచ్చేవారు సరిగ్గా తడి నెలలలోనే వస్తున్నారన్నమాట. అయితే వేసవి వాన జల్లుగా కురిసి వెలిసిపోతుంది. నవంబరు ముసురు పరిమాణంలో తక్కువే అయినా వదలదు. కొలపాత్రలో పడిన నీటిని బట్టి మనిషి పడే ఇబ్బందిని అంచనా వేయడం కుదరదు. ఎండ కాసిన గంటలు చూడటమే మేలు. మే, జూన్ నెలలలో ఒక్కొక్క దానిలో 200 గంటలకు పైగా ఎండ ఉంటుంది. డిసెంబరు మొత్తానికి దక్కేది 40 గంటలు.

జర్మనీ కార్తెలు

మన రైతులకు రోహిణి కార్తె, మృగశిర కార్తె ఉన్నట్లే జర్మనీ రైతులకూ కొన్ని లెక్కలున్నాయి. మే 11 నుంచి 15 వరకు 'ఐస్‌హైలిగె', అంటే మంచు మునుల రోజులు. అవి దాటితే గాని లేత మొక్కలను ఆరుబయట నాటరు. జూన్ నడుమ వచ్చే చలి 'షాఫ్స్‌కెల్టె'. అప్పుడే ఉన్ని కత్తిరించుకున్న గొర్రెలు ఆ చలికి వణుకుతాయని ఆ పేరు. జూన్ 27న ఎట్లా ఉంటే ఏడు వారాలు అట్లాగే ఉంటుందన్నది మరొక నమ్మకం. దక్షిణ జర్మనీలో దీనికి కొంత ఆధారం కనిపిస్తుంది, ఎందుకంటే వేసవి ఆరంభంలో ఎత్తయిన గాలిప్రవాహాల దారి ఒకచోట కుదురుకుంటుంది. సముద్రతీరంలో మాత్రం ఈ లెక్క అంతగా కుదరదు.

మంచు మునులను తేలికగా తీసుకోరాదని నగరానికి నైఋతి దిశలో, ఎల్బె నది దక్షిణపు ఒడ్డున ఉన్న 'ఆల్టెస్ లాండ్' తోటలకు వెళితే తెలుస్తుంది. సుమారు 10,000 హెక్టార్లలో పరుచుకున్న ఆపిల్, చెర్రీ తోటలవి. ఏప్రిల్ చివర, మే మొదట్లో పూత. ఆ సమయంలో ఒక్క రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువన పడిపోతే ఆ ఏటి పంట పోయినట్టే. దానికి రైతులు చేసే ఉపాయం వినగానే వెర్రిగా అనిపిస్తుంది: గడ్డకట్టే చలిలో పూల మీద నీళ్ళు చల్లుతారు. ఒక గ్రాము నీరు మంచుగా మారేటప్పుడు 80 కేలరీల గుప్తోష్ణం వెలువడుతుంది. పువ్వు చుట్టూ నీరు గడ్డకడుతున్నంతసేపు ఆ వేడి పువ్వును సున్నా దగ్గరే నిలుపుతుంది. పువ్వు కణాలలో లవణాలు, చక్కెరలు కరిగి ఉన్నందున అవి సున్నా దగ్గర గడ్డకట్టవు. అయితే ఒక నిబంధన ఉంది. చల్లడం మొదలుపెట్టాక సూర్యోదయమై మంచు కరిగే వరకు ఆపకూడదు. ఆపితే పైనున్న తడి ఆవిరి కావడం మొదలవుతుంది. ఒక గ్రాము ఆవిరి కావడానికి 600 కేలరీలు కావాలి, దానిని పువ్వు నుంచే లాక్కుంటుంది. కాపాడవలసిన నీరే చంపుతుంది. పంపు ఆగిపోకుండా రాత్రంతా రైతు మేలుకొని ఉంటాడు. తెల్లవారాక గాజుపూసలలో పొదిగినట్లున్న పూలతోట చూడటానికి వచ్చే యాత్రికులకు ఆ రాత్రి సంగతి తెలియదు.

ఉప్పెనల కాలం

హాంబుర్గు సముద్రానికి 100 కిలోమీటర్ల లోపల ఉన్నా, ఎల్బె నది మీదుగా పోటు-పాటులు నగరంలోకి వస్తాయి. రోజుకు రెండుసార్లు రేవులో నీటిమట్టం మూడున్నర మీటర్లకు పైగా లేచి పడుతుంది. శీతకాలంలో వాయవ్య దిశ నుంచి తుపాను గాలి గంటల తరబడి వీచి, ఉత్తర సముద్రపు నీటిని ఆ మూలకు నెట్టితే, గరాటులో పోసినట్లు నది పైకి ఎక్కుతుంది. 1962 ఫిబ్రవరి 16 రాత్రి జరిగింది అదే. నీరు 5.70 మీటర్ల ఎత్తుకు లేచింది. కరకట్టలు అనేకచోట్ల తెగాయి. నిద్రలో ఉన్న విల్‌హెల్మ్స్‌బుర్గ్ పేట మునిగింది. నగరంలో 315 మంది మరణించారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో మృతులు పది వేలకు తక్కువ కాదు, సంఖ్యలో ఈ రెంటికీ పోలిక లేదు. గాలి నీటిని ఒడ్డుకు నెట్టే భౌతికశాస్త్రం మాత్రం ఒకటే.

పోల్చి చూడవలసింది తరువాతి కథను. హాంబుర్గులో కట్టలు ఎత్తు పెంచారు. 1976 జనవరి 3న నీరు 6.45 మీటర్లకు, అంటే మునుపటికంటె 75 సెంటీమీటర్లు ఎక్కువగా లేచింది. నగరంలో 1962 నాటి విషాదం మళ్ళీ జరగలేదు. 2013 డిసెంబరులో కూడా 6 మీటర్లు దాటింది. పాత రేవు స్థలంలో లేచిన హాఫెన్‌సిటీ పేటలో భవనాలను ఎనిమిది తొమ్మిది మీటర్ల ఎత్తున దిబ్బల మీద కట్టారు. శీతకాలంలో వెళ్ళేవారు భయపడవలసిన పని లేదు. ఆల్టోనాలోని చేపల బజారు నేల అప్పుడప్పుడు మునుగుతుంది, అంతే. హెచ్చరిక వచ్చిన రోజున కారును నది ఒడ్డున నిలపకపోతే చాలు.

అక్టోబరులో చేరే విద్యార్థులు

విద్యార్థులకు ఋతువును ఎంచుకునే స్వేచ్ఛ లేదు. చదువులు చాలావరకు అక్టోబరులోనే మొదలవుతాయి. పగలు రోజుకు నాలుగు నిమిషాల చొప్పున, వారానికి అరగంట కరిగిపోతున్న నెల అది. వచ్చిన కొత్తలోనే ఎదురయ్యే దిగులును ఇంటి మీద బెంగ అని మాత్రమే అనుకోవడం పొరపాటు. శరీరంలో జరిగే మార్పు కూడా ఒకటుంది. చర్మంలో కొలెస్టరాల్‌కు సోదరి వంటి ఒక పదార్థం 290 నుంచి 315 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలు సోకితే డి-విటమిన్‌కు మాతృకగా మారుతుంది. సూర్యుడు దిగువన ఉన్నప్పుడు ఆ కిరణాలు దూరం ప్రయాణించి ఓజోన్‌లోనే ఇంకిపోతాయి. జర్మనీలో అక్టోబరు నుంచి మార్చి వరకు ఎండలో నిలబడ్డా ఈ రసాయన చర్య తగినంత జరగదు. పైగా మన చర్మంలోని మెలనిన్ ఆ కిరణాలను అడ్డుకుంటుంది. ఆహారంలో డి-విటమిన్ ముఖ్యంగా చేపలలో దొరుకుతుంది కాబట్టి శాకాహారులకు లోటు మరింత ఎక్కువ. ఒళ్ళునొప్పులు, నీరసం మొదలయ్యాక కాక ముందే రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పిన మోతాదు వాడటం మంచిది. కొవ్వులో నిలువ ఉండే విటమిన్ కనుక సొంత వైద్యం పనికిరాదు. నీడ సూత్రం ఇక్కడా ఉపయోగపడుతుంది: మధ్యాహ్నం నీడ మనిషి ఎత్తుకంటె పొట్టిగా ఉండే రోజులు హాంబుర్గులో ఏప్రిల్ నడుమ నుంచి ఆగస్టు చివరి వరకే.

ఇక పెద్దలను పిలిపించుకునేవారికి నిర్మొహమాటంగా చెప్పదగినది మే 15 నుంచి జూన్ 10 మధ్య కాలం. పగలు పదహారు గంటలు, పగటి వేడి 20 డిగ్రీల ప్రాంతం, వాన మితం, మంచు మునులు దాటిపోయి ఉంటారు. ఆపిల్ పూత చూడాలన్న కోరిక ఉంటే రెండు వారాలు ముందుకు జరుపుకోవాలి, బర్చ్ చెట్ల పుప్పొడి పడని ఉబ్బసం రోగులు మాత్రం ఆ సాహసం చేయరాదు. చలి బొత్తిగా సహించని వారికి ఆగస్టు మేలు. అయితే ఒక హెచ్చరిక. 2022 జూలై 20న నగరంలో ఒకచోట 40.1 డిగ్రీలు నమోదైంది. అక్కడి ఇళ్ళు వేడిని పట్టి ఉంచడానికి కట్టినవి, చాలా ఇళ్ళలో ఏసీ ఉండదు. అటువంటి వారంలో మూడో అంతస్తు గది రామగుండం ఎండాకాలాన్ని తలపిస్తుంది.

జూన్ దాటిపోతే సెప్టెంబరు మొదటి సగం రెండో ఎంపిక. సముద్రం వెచ్చగానే ఉంటుంది, పగలు పదమూడు గంటలు, ఆల్టెస్ లాండ్‌లో ఆపిల్ కోత, బడులు తెరిచినందున రద్దీ తక్కువ. డిసెంబరులో క్రిస్మస్ బజార్ల కోసం వెళ్ళదలచినవారు నాలుగు రోజులకు మించి పెట్టుకోకుండా, పగలు ఎల్బ్‌ఫిల్హార్మొనీ భవనం, ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన ఎర్ర ఇటుకల గిడ్డంగుల పేట చూసి, నాలుగు గంటలకు దీపాలు వెలగగానే బజారుకు చేరుకోవచ్చు. పెట్టెలో రెండు జతల బూట్లు తప్పనిసరి. ఒక జత తడిస్తే ఆరడానికి అక్కడ రెండు రోజులు పడుతుంది.